ఒక్క ‘ఎస్’ తెచ్చిన తంటా

పాత సాఫ్ట్‌వేర్‌ను సోర్సు నుంచి సొంతంగా కంపైల్ చేసుకున్నవాళ్లకు ఈ తంతు అలవాటే. ‘కాన్ఫిగర్’ అని కొట్టగానే తెర మీద విచారణ మొదలవుతుంది. స్ట్రింగ్.హెచ్ ఉందా? ఉంది. స్ట్రింగ్స్.హెచ్ ఉందా? అదీ ఉంది. మెమరీ.హెచ్? అదీనూ. ఇంచుమించు ఒకే పనికి ఇన్ని ఫైళ్లెందుకో కొత్తవాళ్లకు ఓ పట్టాన అర్థం కాదు.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌ను 1973లో సీ భాషలో తిరగరాశారు. ప్రోగ్రాము సిస్టమ్‌తో మాట్లాడాలంటే ఏ ఫంక్షన్‌ను ఏ పేరుతో పిలవాలో, ఏ తప్పుకు ఏ అంకె వస్తుందో తెలియాలి. ఆ చిట్టాయే హెడర్ ఫైలు. ఒకటే ఇల్లుగా ఉన్నన్నాళ్లూ చిట్టా ఒకటే. తర్వాత బర్క్‌లీ విశ్వవిద్యాలయం బీఎస్‌డీ అనే సొంత యూనిక్స్‌తో తన దారిన తాను పోయింది. ఏటీ అండ్ టీ 1983లో సిస్టమ్ ఫైవ్‌ను అమ్మకానికి పెట్టింది. చిట్టాలు రెండయ్యాయి.

మాటలో ఒక అక్షరాన్ని వెతికే ఫంక్షన్ బర్క్‌లీలో ‘ఇండెక్స్’, ఉండేది స్ట్రింగ్స్.హెచ్‌లో. సిస్టమ్ ఫైవ్‌లో అదే ‘స్టర్‌చార్’, ఉండేది స్ట్రింగ్.హెచ్‌లో. పేర్ల తేడాయే అయితే సర్దుకోవచ్చు. మెమరీలో ఒకచోటి డేటాను ఇంకోచోటికి నకలు చేసే ‘బీకాపీ’కి ముందు మూలం, తర్వాత గమ్యం చెప్పాలి. సిస్టమ్ ఫైవ్ వారి ‘మెమ్‌కాపీ’కి సరిగ్గా తలకిందులు. పేరొక్కటే మార్చి ఊరుకుంటే, కంపైలర్ కిక్కురుమనకుండా ఒప్పుకుంటుంది. భద్రంగా ఉండాల్సిన డేటా మీదికి చెత్త వచ్చి పడుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద కనబడకుండా చేయడానికి కూడా బర్క్‌లీలో ఎస్‌జీటీటీవై.హెచ్, సిస్టమ్ ఫైవ్‌లో టెర్మియో.హెచ్.

ప్రోగ్రామర్లు ఏ సిస్టమ్‌కు ఆ ముక్క కంపైల్ చేయించే ‘ఇఫ్‌డెఫ్’ అతుకులతో నెట్టుకొచ్చారు. తర్వాత పెర్ల్ భాషతో పేరు తెచ్చుకున్న లారీ వాల్, అంతకుముందే 1984లో ‘ఆర్ఎన్’ అనే తన ప్రోగ్రాముకు ఏవి ఉన్నాయో యంత్రాన్నే అడిగి తెలుసుకునే స్క్రిప్టు జతచేశాడు. 1991లో డేవిడ్ మెకెంజీ తెచ్చిన ఆటోకాన్ఫ్ దాన్ని ఊరూరి అలవాటు చేసింది. జీసీసీ కంపైలర్ ఇంకో అడుగు వేసింది: కంపెనీలిచ్చిన హెడర్లలో తప్పులుంటే, వాటి నకళ్లు తీసి దిద్ది వాడుకుంటుంది. నా లెక్కన అంతకన్నా మర్యాదైన మొట్టికాయ లేదు.

1988లో పోసిక్స్, 1989లో ఆన్సీ సీ ప్రమాణాలు వచ్చి పేర్ల గొడవ చాలావరకు తీర్చాయి. తప్పులకిచ్చే అంకెల జోలికి మాత్రం పోసిక్స్ పోలేదు. ‘ఫైలు లేదు’ అనడానికి అంతటా 2 అంకే. ‘ఇప్పుడు కాదు, మళ్లీ ప్రయత్నించు’ అనడానికి మామూలు పీసీ మీది లినక్స్‌లో 11, మ్యాక్‌లో 35. ‘ఒకరి కోసం ఒకరు ఆగి ఇరుక్కుపోయారు’ అనడానికి లినక్స్‌లో 35, మ్యాక్‌లో 11. లాగ్ ఫైలులో ఉత్త 35 కనబడితే, అది ఏ యంత్రంలోంచి వచ్చిందో ముందు కనుక్కోవాలి.