పొగసూరిన దండెం

మా ఇంట్లో ఒక్క మంట మీద రెండు వంటలయ్యేవి. కింద కుండలో గట్క ఉడికేది. పైన, మనిషెత్తున కట్టిన దండెం మీద ఎండు తునకలకు పొగ పట్టేది. ఒకటి ఆ పూటకు. ఇంకొకటి పని దొరకని రోజులకు.

మాది మేడ్చల్, శామీర్‌పేటల నడుమ ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరవతల మాదిగవాడ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఇప్పుడు సర్కారు బడిలో సైన్సు చెబుతున్నాను. మొన్న ఎండాకాలంలో జరిగిన ఒక సంగతి నాచేత ఇది రాయిస్తున్నది.

నా దగ్గర చదువుకున్న పిల్లగాడొకడు శామీర్‌పేట వైపు ఒక ఫామ్‌హౌస్‌లో వంటమనిషికి సాయంగా ఉంటున్నాడు. ఆ ఇంటివాళ్లు పెల్లెట్ గ్రిల్ తెప్పించుకున్నారు. 1980లలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పుట్టిన పొయ్యి అది. కట్టెపొట్టును నొక్కి చేసిన గుళికలు దానికి ఇంధనం. కరెంటు మర గుళికల్ని కొన్నికొన్ని నిప్పులోకి తోస్తుంది, ఫ్యాను గాలి ఊదుతుంది. పిల్లగాడు ఇంటికొచ్చి అడిగాడు.

"సారూ, కూర మెత్తగైతుంది గని పొగ వాసన వస్తలేదని మా సార్లు నారాజైతున్రు. పొగ ఎట్ల పెంచాలె?"

నేను ఆలోచిస్తున్నాను. గడపలో కూర్చున్న అమ్మ నవ్వింది.

"మంట మంచిగ మండితె పొగ యాడికెల్లొస్తది కొడుకా? మంట తగ్గియ్యి. సియ్యలు సల్లగ, తడిగ ఉన్నప్పుడే పెట్టు. ముందుగాల్ల పొగ పట్టాలె, తర్వాత ఉడకాలె. ఉడికినంక పొగ అంతగ పట్టది."

బడి ముఖం చూడని మా అమ్మ చెప్పినదాంట్లో నేను దిద్దవలసింది ఏమీ లేదు. ఫ్యాను గాలికి కట్టె పూర్తిగా కాలిపోతుంది, అందుకే పొగ తక్కువ. వేడిని నూరు డిగ్రీల దగ్గరికి దింపితే పొగ పెరుగుతుంది. కట్టెలోని లిగ్నిన్ వేడికి విరిగి గ్వయాకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. మనం పొగ వాసన అనేది ఎక్కువగా వీటినే. చల్లటి, తడి మాంసానికి అవి తొందరగా అంటుకుంటాయి. నేను కలిపింది ఒక్కటే. చిల్లుల ఇనుప గొట్టంలో అవే గుళికలు నింపి, ఒక కొసకు నిప్పంటించి, కాసేపటికి మంట ఊదేసి మాంసం పక్కన పెట్టమన్నాను. గంటల తరబడి మండకుండా రాజుకుంటూ పొగ ఇస్తుంది.

అమ్మ ఆ మాట విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నది: "మేం పొగ పోనీకె గొట్టం పట్టినం. వాండ్లు పొగ రానీకె గొట్టం పడుతున్రు."

ఆ మాటతో నాకు దండెం యాదికొచ్చింది.

దండేనికి చరిత్ర ఉంది. నిజాం కాలంలో చచ్చిన పశువును మోయడం మాకు వెట్టి. తోలు ఒలిచి, ఊరికి చెప్పులు, మోట బొక్కెనలు కుట్టియ్యాలి. మాంసమే మాకు కూలి. పశువు మా ఆకలి చూసి చావదు కదా. ఒకనాడు వాడంతా కూర, తర్వాత నెలల తరబడి ఏమీ ఉండదు. అందుకే నాయినమ్మ మాంసాన్ని సన్నగా, పొడుగ్గా కోసి, ఉప్పు పసుపు రాసి ఎండలో వేసేది. ముసురు పట్టి ఎండ లేకపోతే పొయ్యి మీది దండేనికి ఎక్కేది. పొగ ఈగల్ని రానియ్యదు. తడిని లాగేస్తుంది. కుళ్లనియ్యదు, కొవ్వు కంపు కొట్టనియ్యదు. ఫ్రిజ్ లేనివాళ్లు కనుక్కున్న విద్య ఇది. వానాకాలంలో ఆ తునకలు పుంటికూరతో ఉడికితే వాడంతా వాసనే.

ఏ కట్టె పడితే ఆ కట్టె పెట్టేవాళ్లు కాదు. వేప పొగ చేదు అనేది నాయినమ్మ. తుమ్మ, చింత మంచివి. మా దిక్కు ద్రాక్ష తోటలు ఎక్కువగా ఉన్న రోజుల్లో అమ్మ వాటిలో కూలికి పోయేది. ఏడాదికి రెండుసార్లు తీగ కత్తిరింపు. కత్తిరించిన పుల్లలు మోపు కట్టి నెత్తిన తెచ్చేది. ఫ్రాన్సులో బోర్డో వాళ్లు ద్రాక్ష పుల్లల మంట మీద కాల్చిన మాంసాన్ని గొప్పగా చెప్పుకుంటారని ఈమధ్యే చదివాను. మా అమ్మకు ఆ రుచి తెలుసు. గొప్పగా చెప్పుకోవచ్చని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నేను కూడా చెప్పలేదు. నా అంగీ ఆ దండెం పక్క మేకుకే వేలాడేది. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకొని వేరే బెంచీకి పోయాడు. సార్ చూసి నవ్వాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి "దండెం తీసెయ్" అని అమ్మ మీద ఒర్లిన. ఆమె ఎందుకని అడగలేదు. తాడు విప్పి చుట్ట చుట్టి అటుక మీద పడేసింది. మళ్లీ కట్టలేదు.

బాబాసాహెబ్ 1927లో మహద్‌లో చచ్చిన పశువు మాంసం మానమన్నాడు కదా, ఇప్పుడీ తునకల గొప్ప ఎందుకని అడిగే మిత్రులున్నారు. 1911లో హైదరాబాద్‌లో మన్య సంఘం పెట్టిన భాగ్యరెడ్డి వర్మ కూడా శుభకార్యాల్లో మద్యమాంసాలు వద్దన్నాడు. నిజమే. మా తాత కూడా ఒకనాడు గొడ్డును మొయ్యనని నిలబడ్డాడు. వాళ్లు వదలమన్నది చాకిరీని, దాని వెంట వచ్చే అవమానాన్ని. తిండిని చూపి మనుషుల్ని ఎట్లా దూరం పెట్టారో అంబేడ్కర్ 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకంలో వివరించాడు. ఆ దూరం ఇంకా పోలేదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే గొడవలు జరిగాయి.

పొగను నేను పొగడను. 1999లో దీపం పథకం వచ్చి గ్యాసు ఇచ్చారు. మళ్లీ సిలిండర్ నింపించడానికి పైసలు లేక అమ్మ ఏండ్ల తరబడి కట్టెలే ఊదింది. ఇప్పుడు ఆమెకు రాత్రంతా దగ్గు. ఇంత పొగ తాగిన రొమ్ము అని డాక్టర్ అన్నాడు. ఫామ్‌హౌస్‌లో పొగ ఆరుబయట, సెలవునాడు. మా ఇంట్లో నాలుగు గోడల నడుమ, దినాం మూడు పూటలు. రెండూ పొగలే, ఒక్కటి కావు.

వారం తర్వాత పిల్లగాడు కాగితంలో ఒక ముక్క చుట్టి తెచ్చాడు. అమ్మ నమిలి చూసి, "పొగ పట్టింది. ఉప్పు సాల్లేదు" అన్నది.

"ఎవరు చెప్పిన్రని అడిగిన్రా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. ఫోన్ల చూసి నేర్సుకున్న అనుకున్రు."

ఈ ఏడు ఎనిమిదో తరగతికి దహనం పాఠం చెప్పేటప్పుడు ఎవరు చెప్పారో చెప్పాను. ఫ్యాను గాలి, తడి, లిగ్నిన్ అన్నీ చెప్పి, ఇది మా అమ్మ దగ్గర నేర్చుకున్నానన్నాను. బోర్డు మీద పొయ్యి గీసి, దాని పైన దండెం గీశాను. క్లాసు నిశ్శబ్దంగా ఉంది. వెనక బెంచీలో ఒక ఆడపిల్ల మెల్లగా చెయ్యెత్తింది.

"మా ఇంట్ల గూడ ఉంది సార్."