సంగీతం చదువూ, రొయ్యల గుంట లెక్కా

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్తే మా అన్నయ్య నన్నో చిక్కులో పెట్టాడు. పుట్టిల్లంటే మైపాడు పక్కన. రాత్రి పూట సముద్రం హోరు మంచం దాకా వినిపించే ఊరు. నా చిన్నప్పుడు చుట్టూ వరి మళ్ళు, ఇప్పుడు రొయ్యల గుంటలు. మేనకోడలు ఇంటర్ పరీక్షలకు చదువుతోంది. ఇంజనీరింగు వద్దట. తిరుపతి వెళ్ళి సంగీతం చదువుతుందట!

"అన్నీ మేనత్త పోలికలే. నువ్వే చెప్పు," అన్నాడు అన్నయ్య. "గుంటలో పిల్ల వదలాలన్నా ముందు లెక్క రాసుకుంటా నేను. ఇన్నేండ్లు హాస్టలు, తిండి, ఫీజులు, ఓ వీణ... ఇదంతా పెట్టుబడి. మరి రాబడెంత? కౌంటు ఎంత వస్తాది?"

కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క లెండి. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. సంగీతానికి కౌంటెంతో నాకేం తెలుసు? నవ్వేసి ఊరుకున్నాను గానీ, నెల్లూరు తిరిగొచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన పెద్దవాళ్ళు ఈ చదువుకి ఏం ఖర్చు పెట్టారు, ఏం సంపాయించారు అని పాత పుస్తకాలు తిరగేశాను.

తెలుగునాట సంగీతానికి కాలేజీ అంటూ మొదట వెలసింది విజయనగరంలో, 1919లో. మహారాజావారి కొలువులో ఒకాయన కొడుక్కి చూపు లేదనీ, ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న తలపే కాలేజీ అయిందనీ చెప్తారు. అంటే పుట్టుకలోనే ఒక తండ్రి బెంగ ఉంది దానికి! మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన చేతిలో ఏ సంగీత డిగ్రీ ఉంది? విజయవాడ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలైన బాలమురళీకృష్ణగారి బడి చదువూ అంతంత మాత్రమే. ఆయన చదువంతా పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గరే. ఇవాళ వాళ్ళే మామూలు మేష్టరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే "కాగితం ఏదండీ?" అంటారు గాబోలు.

కాలేజీలు రాకముందు గురుకులం. దానికి ఫీజు లేదని గొప్పగా చెప్పుకుంటాం. శిష్యుడు నీళ్ళు మోశాడు, గురువుగారి కాళ్ళు పట్టాడు, ఏళ్ళు ధారపోశాడు అని రాశారు. బాగానే ఉంది. మరి ఆ శిష్యులందరికీ రెండు పూటలా వండి వార్చిందెవరండీ? గురుపత్ని చాకిరీ ఏ లెక్కల పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఘంటసాలగారి కథ మీకందరికీ తెలిసిందే. చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. కడుపు నింపింది మాత్రం మధుకరం. జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్తే ఆ ఊరి ఇల్లాళ్ళు ఓ ముద్ద వేసేవారు. ఉంగరం సంగతి అందరూ చెప్తారు, ఆ ముద్దల సంగతి కథలో ఓ ముక్కగా వచ్చి పోతుంది. నాకు మాత్రం ఆయన చదువుకి అసలు పెట్టుబడి పెట్టినవాళ్ళు పేరు లేని ఆ తల్లులే అనిపిస్తుంది.

మరి రాబడి? సంగీతం పట్టా పుచ్చుకుని ఊరు తిరిగొచ్చిన ఘంటసాలగారు పెళ్ళిళ్ళలో పాడుతూ, పిల్లలకు పాఠాలు చెప్తూ గడిపారు. 1942 ఉద్యమంలో జైలుకెళ్ళారు. ఆ తర్వాత మద్రాసు. ఆయనెక్కిన రైలు మా నెల్లూరు మీదుగానే వెళ్ళి ఉంటుంది. అక్కడ పాట అడిగినవాళ్ళున్నారు గానీ పట్టా అడిగినవాళ్ళు లేరు. విచిత్రమేమంటే విజయవాడ సంగీత కళాశాలకు ఇప్పుడు ఆయన పేరే.

పట్టా అన్నం పెట్టినవాళ్ళూ లేకపోలేదు. నేదునూరి కృష్ణమూర్తిగారు 1940లో విజయనగరం కాలేజీలో చేరారు. తర్వాత సంగీత కళాశాలలకే ప్రిన్సిపాలై, మా పిల్ల వెళ్తానంటున్న తిరుపతి కాలేజీకి కూడా ప్రిన్సిపాలుగా చేశారు. ఆయన గురువు శ్రీపాద పినాకపాణిగారిది ఇంకో దారి. పెద్ద డాక్టరు. వైద్యం జీతం తెచ్చేది, సంగీతం శిష్యుల్ని తెచ్చేది. పాఠానికి పైసా పుచ్చుకున్నవారు కారు.

ఫోన్లో ఇవన్నీ చెప్తే అన్నయ్య ఒక్క మాటతో కొట్టేశాడు. "మన బాలు ఏ కాలేజీలో చదివాడు?"

నిజమే. నెల్లూరివాళ్ళతో సంగీతం మాటెత్తితే బాలసుబ్రహ్మణ్యంగారి దగ్గర ఆగకుండా ఎట్టా? ఏ కాలేజీలోనూ సంగీతం చదవలేదాయన. అనంతపురంలో ఇంజనీరింగులో చేరి, జబ్బు చేసి మానేసి, మద్రాసులో ఏఎంఐఈకి వెళ్ళారు. 1966లో సినిమా పాట మొదలైంది. అయితే ఒక సంగతి మరిచిపోకూడదు. తండ్రి సాంబమూర్తిగారు హరికథ చెప్పేవారు. ఆ ఇల్లే ఒక బడి. 1980లో వచ్చిన 'శంకరాభరణం' పాటలు పుహళేందిగారి దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ నేర్చుకుని పాడారు. జాతీయ బహుమతి వచ్చింది. హరికథే వృత్తిగా బతికిన ఆ తండ్రికీ కొడుకు ఇంజనీరు కావాలనే ఉండేదట. సంగీతం రుచి తెలిసినవాడికే దాని రాబడి కూడా తెలుసు కాబోలు! తిప్పరాజువారి వీధిలోని ఆ ఇంటిని బాలుగారు 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆ సెప్టెంబరులోనే వెళ్ళిపోయారు.

"ఒక్క బాలుని చూసి గుంట తవ్వకు అన్నయ్యా," అన్నాను.

ఆడపిల్ల విషయానికొస్తే లెక్క ఇంకో రకంగా ఉంటుంది. మా అమ్మమ్మ కాలంలో సంగీతం పెళ్ళిచూపుల్లో ఒక్క పాట కోసం. దాంతో బతికిన ఆడవాళ్ళంటే దేవదాసీలు. వాళ్ళ విద్యను మెచ్చుకుంటూనే వాళ్ళను గడప బయట నిలబెట్టింది లోకం. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం 1947లో వచ్చింది. అప్పటికి మా నెల్లూరు ఆ రాష్ట్రంలోదే. ఈ రెంటికీ నడుమ ఆడమనిషి కూర్చోడానికి ఒక కుర్చీ వేసింది సర్టిఫికెట్టేనండీ. మా గర్ల్స్ హైస్కూల్లో సంగీతం టీచరుగారుండేవారు. ఒకటో తారీఖున రిజిస్టర్లో సంతకం పెట్టి, జీతం లెక్కపెట్టుకుని చేతిసంచిలో వేసుకునే ఆడమనిషిని నేను మొదట చూసింది ఆవిణ్ణే. పాఠం చెప్పిన రాగాలు మరిచిపోయాను గానీ ఆ సంతకం మరిచిపోలేదు.

అలాంటి ఉద్యోగాలు ఇప్పుడు అరుదు, ఆ మాటా దాచలేదు అన్నయ్య దగ్గర. ఫీజు భారం ప్రైవేటు ఇంజనీరింగంత ఉండదు. ఖర్చయ్యేది వయసు. అందుకే సంగీతంతో పాటు దూరవిద్యలో మామూలు డిగ్రీకి కూడా కట్టమన్నాను.

"అయినా కౌంటు చెప్పలా నువ్వు," అన్నాడు.

"తొంభై అయిదులో తెల్లమచ్చ తెగులొచ్చి కోస్తా గుంటలన్నీ పోయినప్పుడు నీకెంత కౌంటొచ్చింది?"

అవతల కాసేపు మాట లేదు. "ఆ ఏడు మీ వదిన గాజులు పొయినాయి," అన్నాడు మెల్లిగా. తర్వాత ఫోను చేతులు మారింది.

"లెక్కల సంగతి మీ అన్న చూసుకుంటాళ్ళే," అంది వదిన. "ఆ తిరుపతి హాస్టల్లో అన్నం ఎట్టా ఉంటాదో కాస్త కనుక్కో. పిల్ల మజ్జిగ లేకుండా ముద్ద దిగనీదు."