‘తులసిదళం’: వారసత్వం, భయం

ఆంగ్ల గోథిక్ నవలల్లో ప్రేతభయం తరచుగా వారసత్వంగా సంక్రమించిన పాత ఇంటిని ఆశ్రయించి ఉంటుంది. 1980ల తొలినాళ్ళలో ఆంధ్రభూమి సచిత్ర వారపత్రికలో ధారావాహికగా వెలువడిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో వారసత్వం ఇల్లు కాదు, ధనం. పసిపిల్ల తులసికి దక్కవలసిన ఆస్తే ఆమెపై క్షుద్రప్రయోగానికి కారణమవుతుంది. ప్రణయానికి బదులు తల్లిదండ్రుల వేదన ఉత్కంఠను పోషిస్తుంది. వైద్యశాస్త్రం, మంత్రశక్తి రెండూ ఆ బిడ్డ బాధకు కారణం చెప్పగలవన్న సందిగ్ధమే కథనానికి బలం. రంగనాయకమ్మ ఈ నవలను మూఢనమ్మకాలను పెంచే రచనగా తీవ్రంగా విమర్శించారు. చేతబడి నెపంతో మనుషులను హింసించే సమాజంలో ఆ సందిగ్ధం కేవలం శిల్పవిశేషంగా మిగలదు. అందువల్ల తెలుగు క్షుద్రనవలా చరిత్రను పాఠకాదరణతోపాటు ఆ వివాదంతో కలిపి పరిశీలించాలి.