జంషెడ్‌పూర్ లారీలు, ఇంజిన్ ఆయిల్ గ్రేడు: ఒక చరిత్ర

రైలింజన్లు తయారుచేయడానికి 1945లో జంషెడ్‌పూర్‌లో ఏర్పడిన టెల్కో, జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకొని 1954లో లారీలను నిర్మించడం ప్రారంభించడంతో, ఉక్కుకు పేరుపడిన ఆ పట్టణం దేశపు సరుకు రవాణాకూ ఆధారమైంది. కర్మాగారాల పనికి వచ్చి స్థిరపడి, బిష్టుపూర్‌లో రామమందిరం నిర్మించుకున్న తెలుగువారికి ఇది తమ ఊరి చరిత్ర కూడా. 1969లో ఒప్పందం ముగిశాక లారీ ముందుభాగంలోని మూడు కోణాల నక్షత్రం పోయి ‘టి’ గుర్తు వచ్చినా, జర్మన్ రూపకల్పన నుంచి ఎదిగిన డీజిల్ ఇంజిన్లే దశాబ్దాలపాటు రహదారుల మీద నడిచాయి.

ఆ ఇంజిన్లకు ఏ ఆయిల్ పోయాలన్న ప్రశ్నకు జవాబు రెండు గుర్తులలో ఉంది. మొదటిది చిక్కదనాన్ని సూచించే గ్రేడు. ఈ వర్గీకరణను అమెరికాలోని ఎస్.ఎ.ఇ. సంస్థ 1911లో ప్రవేశపెట్టింది. నూరు డిగ్రీల సెల్సియస్ వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల లోపు చిక్కదనం ఉన్న ఆయిల్‌ను 40 గ్రేడు అంటారు. ‘20డబ్ల్యు-40’లోని మొదటి భాగం చలిలో ఇంజిన్ తిరగడానికి సంబంధించినది, దాని పరీక్ష మైనస్ 15 డిగ్రీల వద్ద జరుగుతుంది; జంషెడ్‌పూర్ చలికాలపు రాత్రి ఎన్నడూ అంత దిగదు గనుక, అక్కడ పాత లారీ విషయంలో పట్టించుకోవలసింది రెండవ సంఖ్యనే.

రెండవ గుర్తు నాణ్యత తరగతిని తెలిపే ఎ.పి.ఐ. (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అక్షరాలు, నిజానికి చరిత్ర అంతా ఇక్కడే దాగి ఉంది. గత శతాబ్దపు తొంభైల మధ్యకాలం దాకా భారతీయ డీజిల్‌లో బరువులో ఒక శాతం వరకు గంధకానికి అనుమతి ఉండేది; అది మండినప్పుడు పుట్టే ఆమ్లం సిలిండర్ గోడలను, రింగులను తినివేయకుండా ఆయిల్‌లోని క్షార గుణం అడ్డుకోవలసి వచ్చేది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ గంధకం పది లక్షల భాగాలలో పది భాగాలకు పరిమితమైంది. ఈ దశాబ్దాలలోనే సి.ఎఫ్-4 (1990), సి.హెచ్-4 (1998), సి.ఐ-4 (2002) తరగతులు వచ్చి, మసిని గడ్డకట్టనీయక తేలియాడించే శక్తిని పెంచుతూ పోయాయి. డీజిల్ ఆయిళ్ళలో ఈ కొత్త తరగతులు సాధారణంగా పాతవాటి పనినీ చేస్తాయి కాబట్టి, పాత లారీకి సి.ఐ-4 పోయడం దుబారా కాదు, దానికి మేలే.

ఇంజిన్ ఆయిల్ తాగుతోందని 40 నుంచి 50 గ్రేడుకు వెళ్ళే అలవాటు మాత్రం సమర్థనీయం కాదు, ఎందుకంటే కారణం అరిగిన రింగులో, వాల్వు సీళ్ళో అయినప్పుడు చిక్కని ఆయిల్ లోపాన్ని కప్పిపెడుతుందే గాని సరిచేయదు. పైగా ఉదయం స్టార్టు చేసినప్పుడు బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది. గ్రేడు విషయంలో లారీ తయారీదారు ఇచ్చిన హ్యాండ్‌బుక్ మాటే తుది మాట. ఏళ్ళ తరబడి తక్కువ రకం ఆయిల్‌తో నడిచి లోపల మడ్డి పేరుకున్న ఇంజిన్‌లో మొదటిసారి సి.ఐ-4 పోసినప్పుడు, ఆ మడ్డి కరిగి ఫిల్టర్‌ను మూసివేసే ప్రమాదం ఉంది కాబట్టి, యజమానులు తొలి విడత ఆయిల్‌ను ఫిల్టర్‌తో సహా మామూలు కంటే చాలా ముందుగానే మార్చాలి.