చిల్లర్లు మార్చాలా, కిటికీలు బాగుచేయాలా?

పాత సర్వర్ మూలుగుతుంటే మనవాళ్ళు మొదట అడిగేది "కొత్తది ఎంతవుతుంది?" అనే. లోపల ఏ క్వెరీ దాన్ని తినేస్తోందో చూసేది, కొత్తదానికి డబ్బుల్లేవని మేనేజరు తేల్చేశాకే :) సరిగ్గా ఇలాంటి పంచాయితీయే న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌కీ వచ్చింది. అక్కడ పాతబడ్డవి చిల్లర్లు, అంటే నీళ్ళని చల్లబరిచి ఆ చల్లదనాన్ని భవనమంతా పంపే పెద్ద యంత్రాలు.

1931లో ఆ భవనం తెరిచారు. ఏసీ వచ్చింది 1950లో. 2000ల చివర్లో భవనం మొత్తానికి మరమ్మతులు తలపెట్టినప్పుడు చిల్లర్లు తీసేసి ఇంకా పెద్దవి పెట్టాలన్న ఆలోచన ఉండేది. పాతవైపోయాయి, మార్చేద్దాం... ఎవరైనా అదే అంటారు. కానీ జాన్సన్ కంట్రోల్స్, రాకీ మౌంటెన్ ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థలవాళ్ళు కలిసి కూర్చుని ముందు వేరే ప్రశ్న వేసుకున్నారు: అసలు ఇంత చల్లదనం ఎందుకు కావాల్సి వస్తోంది?

అరవైకి పైగా ఐడియాలు వడపోస్తే చివరికి ఎనిమిది మిగిలాయి. నాకు బాగా నచ్చింది కిటికీల పని. మొత్తం 6,514 కిటికీలు. కొత్తవి కొనలేదు. ఉన్న రెండు పొరల అద్దాలనే ఊడదీసి, మధ్యలో వేడిని ఆపే పల్చటి ఫిల్మ్ బిగించి, ఆర్గాన్, క్రిప్టాన్ వాయువులు నింపి మళ్ళీ పెట్టేశారు. దీనికోసం అయిదో అంతస్తులోనే చిన్న ఫ్యాక్టరీ లాంటిది పెట్టుకున్నారు! 96 శాతం పాత సరుకే మళ్ళీ వాడారు. లైట్ల మీద కూడా పనిచేశారు, ఎందుకంటే ప్రతి లైటూ ఒక చిన్న హీటరే.

ఇవన్నీ కలిపితే భవనానికి కావాల్సిన చల్లదనం 1,600 టన్నులు తగ్గుతుందని తేలింది. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి పట్టే వేడి, సుమారు 3.5 కిలోవాట్లు. మన ఇళ్ళల్లో ఒకటిన్నర టన్నుల ఏసీలు వెయ్యికి పైగా ఆపేసినట్టన్నమాట.

దాంతో పెద్ద చిల్లర్ల అవసరమే పోయింది. పాత నాలుగు చిల్లర్ల పైతొడుగులు అలాగే ఉంచి లోపలి సరంజామా మార్చారు. మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గించే డ్రైవులు పెట్టారు. అవి లేకపోతే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, బ్రేకుతో స్పీడు అదుపుచేసినట్టే ఉంటుంది.

2009లో ఈ ప్లాన్ ప్రకటించినప్పుడు వేసిన అంచనా: విద్యుత్తూ ఇంధనమూ కలిపి వాడకం 38 శాతం తగ్గుతుంది, ఏడాదికి 44 లక్షల డాలర్లు మిగులుతాయి. అయితే పాతది ఉంచుకోవడమే ఎప్పుడూ తెలివని ఎవరైనా దీన్ని ఉదాహరణగా చూపిస్తే నేను ఒప్పుకోను. కిటికీల లెక్క తేలకముందే ఆ చిల్లర్లకి మరమ్మతు చేసుంటే, అదీ గుడ్డి నిర్ణయమే అయ్యేది. చాలా కంపెనీల్లో చిల్లర్ల బడ్జెట్ ఒకాయన చేతిలో, కిటికీలది ఇంకొకాయన చేతిలో ఉంటుంది. ఇద్దరూ ఒకే మీటింగులో కూర్చోరు. ఇక్కడ కూర్చోబెట్టారు.