చెరువు పక్షులు: తుపాకి నుండి కెమెరాకు

సంక్రాంతి సెలవులకు పల్లెలోని బంధువుల యిండ్లకు పోయినవారు ఆ ఊరి చెరువుగట్టు చూడక మరలిరారు. జగిత్యాల జిల్లాలోని కొడిమ్యాల ప్రాంతము అట్టి విడిదికి తగినది. కొండలును, అడవియు, వాని నడుమ చెరువులును గల సీమ అది. కొండగట్టు ఆంజనేయస్వామి దర్శనమునకు వచ్చు యాత్రికులు దాని పొరుగుననే సాగిపోవుదురు. ఆ ఋతువున నీటిపై బాతులు, ఒడ్డున కొంగలు, తుమ్మకొమ్మలపై రెక్కలారబెట్టుకొను నీటికాకులు కనబడును. వానిని చూచినంతనే నేడు మనలో అనేకులు చేయు పని యొక్కటే: జేబులోని ఫోనో, మెడలోని కెమెరాయో పైకెత్తుట.

పక్షిని చంపక దాని రూపమును మాత్రమే ఇంటికి తెచ్చుకొను ఈ వేడుక మిక్కిలి పాతది కాదు. మన తాతల కాలమున చెరువు పక్షి యన్న మాట వెంటనే వేట యన్న మాట వచ్చెడిది. తుపాకి దిగి కెమెరా వచ్చిన ఈ మార్పు ఎట్లు జరిగెనో, అది నిజముగా ఎంతవరకు జరిగెనో కొంచెము విచారింతము.

హైదరాబాదు సంస్థానమున ఛాయాచిత్రకళకు కీర్తి తెచ్చినవాడు రాజా దీనదయాళ్. ఆయన 1844లో మీరట్టు సమీపమున సర్ధనాలో జన్మించి, 1894లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 'ముసవ్విర్ జంగ్' అను బిరుదమును పొందెను. దర్బారులు, భవనములు, సైనిక విన్యాసములతో పాటు వేట శిబిరములను గూడ ఆయన చిత్రించెను. 1902లో వరంగల్లు సీమలోని నెక్కొండ వద్ద చచ్చిన పులి చెంత వైస్రాయి కర్జన్ దంపతులు నిలిచిన చిత్రము నేటికిని ప్రసిద్ధము. ఆ కాలపు వేట చిత్రములన్నింటను జంతువు కలదు, ప్రాణము లేదు. అందుకు ప్రభువుల రుచి యొక్కటే కారణము కాదు. నాటి కెమెరా బరువైన పెట్టె; దానిని ముక్కాలి పీటపై నిలిపి, గాజుపలక నమర్చి, ఎదుటివారిని కదలవద్దని కోరవలసియుండెను. అడవిలో ఆ మాట వినునది చచ్చిన మృగము మాత్రమే.

ఎగురుచున్న పక్షిని చిత్రమున పట్టుటకు మొదట పూనుకొన్నవారిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎటియెన్ మారే ముఖ్యుడు. 1882లో ఆయన నిర్మించిన సాధనము అచ్చముగా తుపాకి ఆకారము గలది. భుజమున ఆనించి, గురిచూచి, మీట నొక్కినచో గుండు వెడలదు. సెకనునకు 12 చిత్రములు పడును. రెక్క పైకి లేచుట, క్రిందికి వాలుట అను క్రియను మానవుడు అంతకుముందు అంత విడివిడిగా చూచి యుండలేదు. తుపాకి ఎంత సులభముగా కెమెరా కాగలదో చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శనము వేరొకటి లేదు.

పిమ్మట ఇంగ్లండులో రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ అను సోదరులు 1892లో గ్రుడ్లతో నున్న ఒక పక్షిగూటిని చిత్రించి, 1895లో గూళ్ల ఛాయాచిత్రములతో ఒక గ్రంథము వెలువరించిరి. పక్షులు బెదరకుండుటకై వారు ఎద్దు తోలును కూరి బొమ్మ ఎద్దును చేసి, దాని కడుపులో కెమెరాతో దాగియుండెడివారు. మన పల్లెలలో పిట్టలుపట్టువారు ఆకుల మాటున, గొంగడి క్రింద కదలక మెదలక కూర్చుండు విద్యయు ఇదియే. కావున కెమెరా వేటగాని పనిముట్టును మాత్రమే మార్చినది. అతని ఓర్పును, పొంచియుండుటను, గాలివాటు తెలిసి మెలగుటను అట్లే స్వీకరించినది.

మన దేశమున పక్షిశాస్త్రము సైతము చాలకాలము తుపాకి మీదనే ఆధారపడినది. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ దొర 1843 మొదలు 1847 వరకు మద్రాసునుండి భారతదేశపు పక్షుల చిత్రగ్రంథమును ప్రకటించెను. అందలి బొమ్మలు మన దేశపు చిత్రకారులు గీసినవి. 1931లో సలీం అలీ నిజాము ప్రభుత్వపు ప్రోత్సాహముతో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలింప నారంభించెను. ఫలితములు 1933, 1934 సంవత్సరములలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వెలువడినవి. కొడిమ్యాల నాడు ఆ సంస్థానములోనిదే. ఆ పరిశీలనలో గూడ పక్షులను కాల్చి, చర్మములను భద్రపరచుట ముఖ్యమైన పని. ఒకేవిధముగా కనబడు రెండు జాతుల భేదమును నిర్ణయించుటకు రెక్కను, ముక్కును కొలిచి చూడవలసియుండెను. దానిని మనము నేడు నిందింప బనిలేదు. ఆ చర్మముల వలననే ఏ పక్షి ఎచ్చట నుండెడిదో మనకు తెలియవచ్చినది.

స్వాతంత్ర్యము వచ్చిన నాటికి గాలి మారినది. రైల్వే ఉద్యోగి లోథర్ భారతదేశమున తాను తీసిన పక్షిచిత్రములను గూర్చి 1949లో ఒక గ్రంథము ప్రకటించెను. సలీం అలీతో కలిసి తిరిగి చిత్రములు తీసిన లోక్ వాన్ థో గ్రంథము 1957లో వచ్చినది. మద్రాసులో ఎం. కృష్ణన్ నలుపు తెలుపు చిత్రములతోను, పత్రికా వ్యాసములతోను పాఠకులకు అడవిని పరిచయము చేయుచుండెను. ఈ మార్పు తెలుగుదేశపు సరస్సునకు గూడ వచ్చిన కథ వినదగినది.

1946లో కె.కె. నీలకంఠన్ అను కేరళీయుడు పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేటి సీమలో, గూడబాతులు వందలుగా గూళ్లు కట్టుకొన్న స్థలమును కనుగొనెను. క్రింది ముక్కునకు వ్రేలాడు సంచిగల ఆ పెద్ద పక్షి దక్షిణ భారతమున ఎచ్చట పిల్లలను పెంచునో శాస్త్రజ్ఞులకు అప్పటికి సరిగా తెలియదు. ఆయన వ్యాసము 1949లో వెలువడినది. అస్సాము తేయాకు తోటల సాగుదారుడును, గొప్ప ఛాయాచిత్రకారుడును అయిన ఇ.పి. జీ 1960లో అదే పక్షి సంతానోత్పత్తిని గూర్చి వ్రాసెను. ఆయన 1964లో ప్రకటించిన వన్యప్రాణుల గ్రంథమునకు పీఠిక వ్రాసినవాడు జవాహర్‌లాల్ నెహ్రూ. కాని 1978లో అదే బొంబాయి పత్రికలో వచ్చిన వ్యాసము ఆ గూళ్ల స్థలము కనుమరుగైనదని చెప్పినది. కనుగొనుటకును కోల్పోవుటకును నడుమ గడచినవి ముప్పదిరెండేండ్లు మాత్రమే. ఒకప్పుడు పక్షులు నిండియుండినవి అనుటకు ఆ వ్రాతలును, చిత్రములును సాక్ష్యములుగా నిలిచినవి. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. ఆటపాకలో అటవీశాఖ నిలిపిన ఇనుప స్తంభముల మంచెలపై గూడబాతులు మరల గూళ్లు కట్టినవి.

కలివికోడి కథ ఇంకను చిత్రమైనది. జెర్డన్ సేకరించిన నమూనాతో 1848లో లోకమునకు తెలిసిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడలేదు, అంతరించినదనియే తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపమున అది మరల దొరకినది. బొంబాయి సంఘమునకు చెందిన భరత్ భూషణ్ పరిశోధనకు అచ్చటి వేటగాని నేర్పు తోడు కాకున్నచో అది జరిగియుండదు. కలివికోడి రాత్రి తిరుగాడునది; ముళ్లపొదల నడుమ బయలునేల దాని నెలవు. ఇట్టి పక్షిని వెంటాడి చిత్రించుట కష్టము. కావున పిమ్మటి పరిశోధకులు దారులలో మెత్తని మట్టి పరచి అడుగుజాడలు చూచిరి. ఎదుటికి వచ్చిన ప్రాణిని తనంతట తానే చిత్రించు కెమెరాలను అమర్చిరి. పొంచియుండు మనిషి సైతము అక్కరలేని స్థితికి ఈ విద్య వచ్చినది.

ఇంతవరకు విన్నవారికి వేట ముగిసినదని తోచవచ్చును. కాని చట్టము అట్లు చెప్పుట లేదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము వేట యను మాటకు చెప్పిన అర్థములో చంపుట, పట్టుట, తరుముట మాత్రమే కాక, పక్షుల గ్రుడ్లకు హాని చేయుటయు, గ్రుడ్లనుగాని గూళ్లనుగాని కలతపెట్టుటయు చేరియున్నవి. అనగా మంచి చిత్రము కొరకు గూటి ముందరి కొమ్మ విరిచినవాని చేతిలో తుపాకి లేకున్నను అతడు వేటగాడే. ఇది మాటల గారడి కాదు. తల్లిపక్షి బెదరి లేచిన కొద్దిసేపటిలో ఎండకు గ్రుడ్డు చెడును. పొంచియున్న కాకి పిల్లను తన్నుకొనిపోవును. విరిచిన కొమ్మ ఆ కాకికి త్రోవ చూపును. కలతపడిన పక్షి ఒక్కొక్కప్పుడు మనిషిపైకే వచ్చును: ప్రసిద్ధ ఆంగ్ల చిత్రకారుడు ఎరిక్ హాస్కింగ్ 1937లో గుడ్లగూబ గూటివద్ద దాని గోళ్ల దెబ్బకు ఒక కన్ను కోల్పోయెను.

మన పల్లెటూళ్లు ఈ ధర్మమును చట్టము రాక పూర్వమే ఎరిగియున్నవి. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను గ్రామస్థులు శుభసూచకములుగా తలచి కాపాడుచున్నారు. గుంటూరు చెంత ఉప్పలపాడు చెరువున, అనంతపురము సీమలోని వీరాపురమున అట్టి పక్షులే మనుష్యుల ఇండ్ల నడుమ పిల్లలను పెంచుకొనుచున్నవి. ఇవి సైబీరియానుండి వచ్చునని తరచు వినబడు మాట పొరపాటు. గూడబాతును ఎర్రకాళ్ల కొంగయు మన దేశపు పక్షులే, నీరును మేతయు చూచుకొని తావులు మారునవి. నిజముగా ఉత్తరమునుండి వచ్చు అతిథులు వేరు: సూదితోక బాతు, తలపై నల్లని పట్టెలుండి హిమాలయములను దాటివచ్చు బాతు మొదలగునవి. ఇవి చలికాలమున మన చెరువులలో మేసి, ఎండలు ముదురకమునుపే మరలిపోవును.

కావున సెలవులకు చెరువుగట్టు చేరువారు కాలమెరిగి మెలగవలెను. సంక్రాంతినాడు నీటిపైనున్న బాతులకు విశ్రాంతియు మేతయు ప్రాణాధారములు. దూరప్రయాణమునకు కావలసిన క్రొవ్వును అవి ఇచ్చటనే కూడబెట్టుకొనును. ఎగురు దృశ్యము కొరకు రాయి విసరుట వాని దారిబత్తెమును దోచుకొనుటయే. వేసవి సెలవులలోనైతే నీరింకిన చెరువు నేలపై తీతువు గ్రుడ్లు పెట్టును. అవి గులకరాళ్లలో గులకరాళ్లవలె నుండును, కాలు పడువరకు కంటికి ఆనవు. నెత్తిపై తీతువు అరచుచు తిరిగినచో ముందునకు పోక, వచ్చిన త్రోవనే వెనుకకు మరలవలెను. గూటి చిత్రమునకు ఆశపడక, తెల్లవారుజామున వెలుతురు వీపువైపున నుండునట్లు ఒక చెట్టు మాటున కూర్చున్నచో, పక్షియే తన పని చూచుకొనుచు చేరువకు వచ్చును.

మారే దొర తుపాకినుండి గుండు తీసివేసి ఇప్పటికి నూటనలుబదియేండ్లు దాటినది. చేతిలోని ఆయుధము మారుటకు అంతటి మేధావి కావలసెను. మనసులోని వేట మానుటకు మేధావి అక్కరలేదు. తీసినవాడు వెడలిన పిమ్మటను పక్షి ఆ గూటనే యుండవలెనను కోరిక చాలును.