గోడకు ఆవల నిస్తంత్రి

1895వ సంవత్సరమున కలకత్తా నగరమున ఆచార్య జగదీశ చంద్ర బోసు ఒక వింత ప్రయోగమును ప్రదర్శించిరి. ఒక గదిలో వారు పుట్టించిన విద్యుత్తరంగములు నడిమి గదిని, దాని గోడలను దాటిపోయి, సుమారు 75 అడుగుల దూరముననున్న మూడవ గదిలో గంటను మ్రోగించినవి, తుపాకిని ప్రేల్చినవి. ఈ గదికిని ఆ గదికిని నడుమ తీగె లేదు. చూడవచ్చినవారిలో బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు గూడ ఉండిరి.

నాటినుండి నిస్తంత్రి గోడలను, సముద్రములను లెక్కచేయక వ్యాపించెను. కాని దానితోడనే ఒక చిత్రమైన చిక్కు పుట్టెను. గోడను దాటుటకు తీగె అక్కరలేని యీ సాధనమును, గోడకు ఆవలనుండి నడుపుటకు మాత్రము తీగె కావలసివచ్చెను. మేడమీది గదిలో రేడియో కలదు. దాని ద్వారమున వినవచ్చును, మాటలాడవచ్చును. క్రింది గదిలో కూర్చుండి ఆ పని చేయవలెనన్నచో మార్గమేమి? ఇండ్లలో చిన్న ప్రసారకేంద్రములను నడుపుకొను ఔత్సాహికులకు, అనగా లోకము హామ్‌లని పిలుచువారికి, ఇది చిరపరిచితమైన ప్రశ్న. చూచుటకు చిన్న ప్రశ్నయే. కాని ప్రాణములు నిలుచుటయు, పోవుటయు దానితో ముడివడిన సందర్భములు చరిత్రలో కలవు.

వానిలో మొదటిది టైటానిక్ నౌక కథ. 1912వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన ఇంగ్లండునుండి బయలుదేరిన ఆ నౌకలో మార్కోని సంస్థవారి నిస్తంత్రి శాలకు మూడు గదులు కేటాయింపబడినవి. ఒకటి పనిచేయు గది, రెండవది శయనించు గది. మూడవదానికి నిశ్శబ్దపు గది యని పేరు. ఆ పేరు విని, అచట మౌనము రాజ్యమేలుచుండెనని తలపరాదు. ఆ కాలపు ప్రసారయంత్రము విద్యుత్తుతో నిప్పురవ్వలను రాల్చుచు పనిచేయునది. దాని మ్రోతకు చెవులు గింగురుమనెడివి. దూరమునుండి వచ్చు సన్నని సంకేతములను ఆలకింపవలసినవాని ప్రక్కన అట్టి యంత్రమున్నచో ఆలకించుట యెట్లు? అందుచేత యంత్రమును మ్రోత వెలికి రాకుండ కట్టిన గదిలో నుంచి, మీటను మాత్రము ప్రక్కగదిలోని బల్లపై బిగించిరి. తీగెలు గోడగుండ పోయినవి. చేయి ఈవల, యంత్రము ఆవల. దూరమునుండి రేడియోను నడుపు విద్యకు ఇది తొలినాటి చక్కని ఉదాహరణము.

ఏప్రిలు 14వ తేదీ రాత్రి 11.40 గంటలకు ఆ నౌక మంచుకొండను ఢీకొనెను. ఇరువదియైదేండ్ల ఫిలిప్స్, ఇరువదిరెండేండ్ల బ్రైడ్ అను ఇరువురు యువకులు ఆ మీటవద్ద తుదిదాక నిలిచిరి. వారి పిలుపు ఆకాశమంతట వ్యాపించినది. దానిని విన్నవారెవరు?

సమీపముననున్న కాలిఫోర్నియన్ అను నౌకలో నిస్తంత్రి ఉద్యోగి యొక్కడే. దినమంతయు పనిచేసి అలసిన అతడు రాత్రి 11.30 గంటల ప్రాంతమున యంత్రమును ఆపి పరుండెను. అటుపిమ్మట ఆ నౌకాధికారి యొకడు అతని గదికి వచ్చి, కుతూహలముకొలది చెవియంత్రమును ధరించి ఆలకించెను. కాని సంకేతములను పట్టు సాధనమునకు గడియారమునకువలె కీ యియ్యవలెనను సంగతి అతనికి తోచలేదు. ఏమియు వినబడలేదు. అతడు వెడలిపోయెను. అచ్చట యంత్రమునకును మనుష్యునికిని నడుమ గోడయే లేదు. ఐనను ఉపకారము కలుగలేదు.

కార్పేథియా అను వేరొక నౌక 58 మైళ్ళ దూరమున నుండెను. అందలి ఉద్యోగి కోటమ్ పరుండుటకై దుస్తులు మార్చుకొనుచుండెను. ఒక ప్రత్యుత్తరమునకై ఎదురుచూచుచు, చెవియంత్రమును మాత్రము తలనుండి తీయకుండెను. ఆ కొద్ది నిముషములలోనే టైటానిక్ ఆపద వార్త అతనికి చేరినది. కార్పేథియా సుమారు ఏడువందలమందిని పడవలనుండి ఎత్తుకొనెను. సుమారు 1,500 మంది సముద్రము పాలైరి.

ఈ ఘోరమువలన లోకము నేర్చిన పాఠము మీటను గూర్చినది కాదు, చెవిని గూర్చినది. 1914వ సంవత్సరము జనవరిలో లండను నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక, పెద్ద నౌకలపై అహోరాత్రములు నిస్తంత్రిని ఆలకించుచుండవలెనని విధించెను. కాని ప్రతి నౌకయు మువ్వురు ఉద్యోగులను పోషించుట సులభము కాదు. అంతట స్వయముగా ఆలకించు యంత్రము పుట్టినది. ఆపదలోనున్న నౌక మొదట నాలుగేసి సెకనుల నిడివిగల గీతలను పన్నెండింటిని వరుసగా పంపెడిది. వినుచున్న నౌకలోని యంత్రము వానిలో కొన్నిటిని గుర్తించిన తోడనే గంట మ్రోగించెడిది. ఆ గంట నిస్తంత్రి గదిలో మాత్రమే కాక, ఉద్యోగి నిద్రించు గదిలోను, నౌకను నడుపు అధికారుల వేదికపైనను మ్రోగెడిది. టైటానిక్‌లో చేయి గోడ దాటినది. ఈ గంటతో చెవియు గోడ దాటినది. బోసుగారు కలకత్తాలో మ్రోగించిన గంటకు ఇది సార్థకమైన వారసురాలు.

రెండవ ప్రపంచయుద్ధము ఈ విద్యకు మరియొక పదును పెట్టినది. అమెరికా యుద్ధవిమానములలో రేడియో పెట్టెలను పైలటునకు దూరముగా, చోటున్న మేరలో అమర్చెడివారు. పైలటు చేతికందునట్లు చిన్న పెట్టె మాత్రముండెడిది. దాని పిడిని త్రిప్పినచో, వంగుటకు వీలైన లోహపుటిరుసు ఒకటి ఆ త్రిప్పుడును విమాన శరీరము గుండ రేడియోవరకు మోసికొనిపోయెడిది. నేలమీది సేనలలో కారణము వేరు. ఏరియల్ ఉన్నచోటు శత్రువునకు పసికట్టనగును. పసికట్టినచోట గుండ్లు పడును. కావున రేడియోను దూరముగానుంచి, టెలిఫోను తీగెను పరచి, కందకములో కూర్చున్న అధికారి అచటినుండియే మాటలాడుటకు వలయు పెట్టెలను బ్రిటిషు సేనలు వాడినవి. నౌకలో మ్రోతకు వెరచి, సైన్యమున మృత్యువునకు వెరచి మనుష్యుడు యంత్రమునుండి దూరముగా జరిగెను.

అట్లు జరుగుటకు వీలులేనివారి గతి బొంబాయిలో తేటపడినది. 1942వ సంవత్సరము ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము చెలరేగినపుడు, ఇరువదిరెండేండ్ల ఉషా మెహతాయు ఆమె సహచరులును కాంగ్రెసు రేడియోను రహస్యముగా నడిపిరి. పోలీసులు తరంగము జాడ పట్టి వెదకుచుండిరి. సైన్యమునకున్న పొడుగు తీగెలు, పెట్టెలు ఆ యువజనులకు లేవు. వారు చేయగలిగినది ఒక్కటే: యంత్రముతో సహా ఇల్లు మారుట. అట్లే పలుమార్లు మారిరి. నవంబరు 12వ తేదీన ప్రసారము జరుగుచుండగనే పోలీసులు తలుపులు పగులగొట్టి లోన ప్రవేశించిరి. ఉషా మెహతా 1946వ సంవత్సరమువరకు కారాగారమున నుండవలసివచ్చెను. తప్పుకొనుటకు తావులేని చోటనే ఆ చేయి మీటను విడువలేదు.

భారతదేశమున ఔత్సాహిక నిస్తంత్రి అంతకు పూర్వమే వేరూనినది. 1921వ సంవత్సరమున కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్త, ముకుల్ బోసు అనువారు ఈ దారి తొక్కిరి. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు వెలసినది. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనివే. 1939లో యుద్ధము రాగానే ఔత్సాహికులు తమ ప్రసారయంత్రములను ప్రభుత్వమునకు అప్పగింపవలసి వచ్చెను. యుద్ధానంతరము సైన్యము వదలిన రేడియోలు, పెట్టెలు అనేక దేశములలో అంగడికి వచ్చినవి. కందకములలో ప్రాణరక్షణకై పుట్టిన విద్య ఆ దారిని గృహములలో ప్రవేశించినది.

ఇంటిలో దీని అక్కర యేమన, అది లెక్కలో తేలును. ఏరియల్ ఎత్తున నుండవలెను. ఏరియల్‌నుండి రేడియోకు దిగు కేబులు పొడవైనకొలది శక్తి హరించును. సాధారణపు సన్నని కేబులు 50 అడుగులు సాగినచో, 144 మెగాహెర్ట్జ్‌ల పౌనఃపున్యమువద్ద దాదాపు సగము శక్తి త్రోవలోనే వేడియై నశించును. అదే 50 అడుగుల మేర మైకు తీగె, స్పీకరు తీగె సాగినచో కలుగు నష్టము స్వల్పము. కావున తెలిసినవారు పొట్టి కేబులును తరంగమునకును, పొడుగు తీగెను మాటకును ఇత్తురు. రేడియో మేడమీదనే యుండును. మైకు, స్పీకరు, మాటలాడునపుడు నొక్కు మీట క్రిందికి దిగును.

దిగుట యనగా తీగెను లాగి వదలుట కాదు. మైకునుండి పుట్టు విద్యుత్తు అత్యల్పము. అది గోడలోని కరెంటు తీగెల ప్రక్కగా పోయినచో వాని జుమ్మను రొద మాటలో కలియును. అందులకై రెండు తీగెలను పెనవేసి, పైన లోహపు అల్లికను తొడిగి, అవసరమైనచో ఇరు కొనలయందు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లను అమర్తురు. రేడియో స్వయముగా వెలువరించు తరంగము ఆ తీగెలోనికే మరల చొచ్చి మాటను వికృతము చేయవచ్చును. దానిని ఆపుటకు తీగెను ఫెరైటు వలయములగుండ చుట్టుదురు. అన్నిటికంటె పెద్ద ప్రమాదము మీటది. అది నొక్కుకొనిపోయి పైకి రాకున్నచో రేడియో ప్రసారము చేయుచునే యుండును. ఆ తరంగముపై ఆపదలోనున్నవాడు పిలిచినను ఎవరికిని వినబడదు. యంత్రము ప్రక్కనున్నవాడు దాని వేడిని, దీపమును చూచి తెలిసికొనును, క్రిందిగదిలోనివానికి తెలియదు. అందుచేత కొన్ని నిముషములు దాటగనే ప్రసారమును తనంతట ఆపివేయు ఏర్పాటు కావలెను. రేడియో ప్రసారము చేయుచున్నదని క్రిందిగదిలో తెలుపు దీపమును కావలెను. పోవు తీగె యొకటి, సమాచారము తెచ్చు తీగె యొకటి. రెండవది లేని ఏర్పాటు గ్రుడ్డివాని చేతి కొరవి వంటిది.

కాలక్రమమున ఈ పని సుకరమైనది. 1995వ సంవత్సరమున జపానులోని ఐకామ్ సంస్థ వెలువరించిన ఐసి-706 అను రేడియోకు ముందు పలకను విడదీసి, కేబులు పొడవున వేరొకచోట అమర్చుకొను వీలు కలదు. తరువాత కంప్యూటరు, ఇంటర్నెట్టు వచ్చి, ప్రక్కగదికి బదులు ప్రక్క ఖండమునుండియే రేడియోను నడుపుటకు దారి తీసినవి. ఐనను ఆ దారి యెప్పుడైన తెగవచ్చును. తెగినపుడు రేడియో తనంతట మౌనము వహింపవలెను. లైసెన్సు ఎవరి పేరనున్నదో వారిదే బాధ్యత. ఆ బాధ్యతను మోయు తీగె నింతవరకు ఎవరును కనుగొనలేదు.

ఈ మాటకు నిదర్శనము 2004వ సంవత్సరమున అండమానులో కనబడినది. 1983లో హైదరాబాదున స్థాపింపబడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున ఒక బృందము ఆ డిసెంబరులో పోర్టుబ్లెయిరు చేరి, హోటలులో కేంద్రమును నెలకొల్పినది. ఢిల్లీవాసియైన భారతీ ప్రసాద్ దానికి నాయకురాలు. లోకమునందలి హామ్‌లతో సంభాషించుటయే వారి తొలి సంకల్పము. డిసెంబరు 26వ తేదీ ఉదయమున భూమి కంపించినది, సముద్రము పైకి వచ్చినది, టెలిఫోనులు మూగవోయినవి. వినోదమునకై తెచ్చిన రేడియోలు ఆ క్షణముననే ప్రజోపయోగమునకు మారినవి. ద్వీపములలోనివారి క్షేమ సమాచారములను ప్రధానభూమిలోని బంధువులకు చేర్చుటలో ఆ బృందము రేయింబవళ్ళు శ్రమించినది. రేడియోను ఏ గదిలో నుంచవలెనను ప్రశ్న అచ్చట ఉదయింపలేదు. అది యెచ్చటనున్న, వినువారు అచ్చట నుండిరి.

ఇంటిలో తీగె పరచుకొను ఔత్సాహికునికి ఈ చరిత్ర వలన వచ్చు ఫలము లేకపోలేదు. మేడమీది గదిలో ఒంటరిగా మ్రోగు రేడియోను ఎవరును వినరు. దాని స్పీకరు వంటింటి ప్రక్కకో, పడకగదిలోనికో వచ్చినచో ఇంటివారు గూడ వినగలరు. చేతికి కలుగు సౌఖ్యము కొద్దియే. చెవికి కలుగు అవకాశము అధికము. కార్పేథియాలో కోటమ్ ధరించిన చెవియంత్రమునకు పొడుగు తీగె లేదు. అతడు దానిని మరి కొన్ని నిముషములు తలపై నుంచుకొనెను, అంతే. పడవలలోని ఏడువందల ప్రాణములను ఆ తెల్లవారుజామున నిలిపినది ఆ కొన్ని నిముషములే.